వెనక సీట్ల ధర

మా అన్నయ్య పాత స్పోర్ట్స్ కారు పలికిన ధరలో నాదానికి సగమే వస్తుందన్నాడు, వేలం కంపెనీ తరఫున ధర కట్టే మనిషి.

"రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి కదయ్యా! పైగా అన్నయ్యది సగం రోజులు రిపేరు షెడ్డులోనే ఉండేది."

"మీదానికి వెనక రెండు సీట్లున్నాయండీ. పిల్లల్ని ఎక్కించుకునే కారంటే కొనేవాళ్లకు మోజుండదు."

అన్నయ్య ముందు తీసికట్టు కావడం నావల్ల కాదు. "వాటిలో ఇంతవరకు ఎవరూ కూర్చోలేదు" అన్నాను.

అతను భూతద్దం పెట్టి వెతికాడు. బిస్కెట్ పొడి కూడా దొరకలేదు. తర్వాత నా పక్క సీటు వాసన చూశాడు. "మరి ఇందులో?"

"ఎవరూ లేరు."

"అయ్య బాబోయ్, ఇది ఒంటి సీటు కారండీ! లోకంలో ఇంకోటి ఉండదు!" అంటూ అన్నయ్య కారుకు రెట్టింపు ధర రాశాడు. "ఎవరినీ ఎక్కించుకోలేదని మీవాళ్లొకరు సాక్షి సంతకం పెడితే చాలు."

ఆలోచించాను. అలా పెట్టగలిగింది అన్నయ్య ఒక్కడే. తన కారు దారిలో మొరాయించిన రోజున, జ్వరంతో కాగుతున్న కూతుర్ని భుజాన వేసుకుని జోరువానలో నా కారు చూసి చెయ్యెత్తాడు.

సీట్లు తడుస్తాయని నేను ఆపలేదు.