టైమవుట్‌లో అనువాదం

"పరుగెత్తమను. ఆగకుండా పరుగెత్తమను," అన్నాడు కోచ్ డారెల్ ఇంగ్లీషులో.

రిమ్‌గౌదాస్ ఆటగాళ్ళ వైపు తిరిగాడు.

"పరుగెత్తకండి," అన్నాడు లిథువేనియన్‌లో. "నెమ్మదిగా రండి. బంతిని ఒకరికొకరు ఇచ్చుకుంటూ ఉండండి. అవతలివాళ్ళకి విసుగు పుట్టాలి. అప్పుడు ఒక్కడు లోపలికి దూరాలి."

కెప్టెన్ మింటౌతాస్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఆయనన్నది రెండు ముక్కలే కదా మాస్టారూ?"

"వాళ్ళకి పరుగంటే పరుగే. మన భాషలో అట్లా కుదురుతుందా? లోపలికా, బయటికా, దాటుకుంటూనా, సగం దాకానా, అన్నీ చెప్పాలి. ఇదంతా బడిలో చెప్పాను. నువ్వు కిటికీలోంచి చూస్తుండేవాడివి."

అందరూ నవ్వారు. జట్టులో సగం మందికి బడిలో ఇంగ్లీషు చెప్పింది అతనే. ఒక్కడికీ రాలేదు. లిథువేనియాకు సోవియట్ నుంచి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండేళ్ళు. ప్లుంగే పట్టణంలో రష్యన్ రానివాళ్ళు లేరు, అతను తప్ప ఇంగ్లీషు వచ్చినవాళ్ళు లేరు.

డారెల్ ఒకటంటే తను ఇంకొకటి చెప్పడం అతను కావాలని చేసిన పని కాదు. ఆ బాస్కెట్‌బాల్ జట్టును మొదటినుంచీ పెంచింది అతని అన్న ఫెలిక్సాస్. నవంబరులో పోయాడు. జనవరిలో క్లబ్బువాళ్ళు అమెరికా నుంచి డారెల్‌ను కోచ్‌గా రప్పించి, అతని మాటలు లిథువేనియన్‌లోకి మార్చి చెప్పడానికి రిమ్‌గౌదాస్‌ను పెట్టారు. డారెల్ ఆట గురించి నోరు విప్పగానే రిమ్‌గౌదాస్ నోట తన అన్నగారి మాటలు వచ్చాయి. రేపు సరిగ్గా చెబుదామనుకున్నాడు. రేపూ అవే వచ్చాయి.

'మీద పడండి' అన్నది 'వెనక్కి తగ్గి కాచుకోండి' అయింది. 'గురి చూసి కొట్టేయండి' అన్నది 'ఆగండి, పక్కవాడు ఎక్కడున్నాడో చూడండి' అయింది.

"ఈయన మాటలు అచ్చం ఫెలిక్సాస్ సార్ మాటల్లా ఉంటాయి మాస్టారూ," అన్నాడొకసారి మింటౌతాస్, డారెల్ పక్కనే నిలబడి.

"ఆట ఒక్కటే కదా. ఎవరు చెప్పినా అవే మాటలు," అన్నాడు రిమ్‌గౌదాస్. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

దొరికిపోతానన్న భయం పగలంతా ఉండేది. ఆ భయాన్ని పోగొట్టింది హాలు తుడిచే బర్బోరమ్మ.

"మా అల్లుడు లాట్వియావాడు. పక్క దేశమే," అందామె, బల్ల మీద కూర్చున్న డారెల్ ఎదుటే. "నా ఇంట్లో ఇన్నేళ్ళు తిన్నాడు, ఇప్పటికీ ఉప్పు అడగడం చేతకాదు. ఈ పొడుగు కాళ్ళాయనకి మన భాష వస్తుందా పంతులుబాబూ? ఇక్కడ పుట్టాలి, రావాలంటే. కాళ్ళెత్తు నాయనా, తుడవాలి."

డారెల్ కాళ్ళెత్తాడు.

ఊరందరి ధైర్యమూ అదే. ఆటగాళ్ళు అతనికి కొంగ అని పేరు పెట్టారు. ఎదురుగానే పిలిచేవారు. "ఇవాళ మన కొంగ ఏమంటోంది మాస్టారూ?" డారెల్ తల వంచుకుని, రిమ్‌గౌదాస్ చెప్పేదంతా అయ్యేదాకా ఓపికగా నిలబడేవాడు. తరవాత తరవాత అతని మాటలు తగ్గిపోయాయి. చలికి విసిగిపోయాడనుకున్నారు. హాల్లో వేడి పెట్టడానికి ఆ ఏడాది పట్టణం దగ్గర డబ్బు లేదు, అందరూ ఉన్ని టోపీలతోనే ఆడేవారు.

ఏప్రిల్‌లో చివరి ఆట వచ్చింది. ఓడితే కింది లీగుకు పోతారు. కింది లీగు జట్టును పోషించలేమని మేయరు ముందే చెప్పేశాడు. అంటే ఫెలిక్సాస్ కట్టిన జట్టు ఆ సాయంత్రంతో సరి.

ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనక ఉన్నారు. డారెల్ టైమవుట్ అడిగాడు. ఆటగాళ్ళు చుట్టూ మూగారు. అతను నోరు తెరిచాడు. వాళ్ళ ముఖాలు చూశాడు. రిమ్‌గౌదాస్‌ను చూశాడు.

"చెప్పు," అన్నాడు ఇంగ్లీషులో. చేతులు జేబుల్లో పెట్టుకుని ఓ అడుగు వెనక్కి వేశాడు.

రిమ్‌గౌదాస్ ఎదురుచూశాడు. ఇంకో మాట రాలేదు.

"ఏమంటాడు మాస్టారూ? టైమైపోతోంది."

రిమ్‌గౌదాస్ ఆటగాళ్ళ వైపు తిరిగాడు. "బంతి నీకొస్తుంది మింటౌతాస్. నువ్వే కొట్టాలని హాలంతా అరుస్తుంది. వాళ్ళల్లో ముగ్గురు నీ మీదకే వస్తారు. కొట్టకు. ఎయిమాంటస్‌కి ఇవ్వు."

"వాడికా? ఈ ఏడాదంతా వాడు ఒక్కటి వేశాడా?"

"అందుకే. వాడి దగ్గర ఎవరూ ఉండరు."

"ఆయనన్న ఒక్క మాటలో ఇంతుందా?"

"ఉంది," అన్నాడు రిమ్‌గౌదాస్.

మింటౌతాస్ కొట్టలేదు. ఎయిమాంటస్ కళ్ళు మూసుకుని విసిరాడు. బంతి రింగు మీద తిరిగి తిరిగి లోపలికి జారింది.

తరవాత అంతా గోల. వెల్లుల్లి రాసి వేయించిన నల్లరొట్టె వచ్చింది, బీరు వచ్చింది, బర్బోరమ్మ తుడుపు కర్ర పట్టుకునే ఎయిమాంటస్‌ని వాటేసుకుంది. "కొంగ గెలిపించింది," అని కుర్రాళ్ళు డారెల్‌ను భుజాల కెత్తుకున్నారు.

రిమ్‌గౌదాస్ ఆ సందడికి దూరంగా, నడవాలో నిలబడ్డాడు. ఇక దాచడం మర్యాద కాదు. ఇంగ్లీషు వాక్యాలు ఒక్కొక్కటే మనసులో పేర్చుకున్నాడు, క్రియలు సరిచూసుకున్నాడు. డారెల్ చెమట తుడుచుకుంటూ బయటికి రాగానే ఎదురు వెళ్ళాడు.

"అయ్యా, ఈ చలికాలమంతా నేను మీ మాటలు..." అని మొదలుపెట్టాడు ఇంగ్లీషులో.

డారెల్ అతని భుజం మీద చెయ్యి వేసి, ప్లుంగే సంతలో బంగాళాదుంపలు అమ్ముకునే ముసలమ్మల యాసలో, ఒక్క పొల్లు పోకుండా అన్నాడు: "మీ అన్నగారు ఇంకా ఏమేం చెప్పేవారో తీరిగ్గా కూర్చుని చెప్పండి మాస్టారూ, వచ్చే ఏడాదికి కావాలి."