తువ్వాలు తరుగు

మల్లేశ్వరరావు కాటా పళ్ళేన్ని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. బెల్లం కొట్లో వాడే కాటా అది. ఎంత తుడిచినా ఏదో మూల కాస్త జిగురుగానే ఉంటుంది.

"బాగా తుడు నాన్నా, చీమలొత్తాయి," అంది ఇందు, పాపని భుజాన వేసుకుని.

"ఇన్నేళ్ళ బట్టి బెల్లం తూసేను. ఒక్క చీమ నన్ను కుట్టలేదు. నా మనవరాల్ని కుడతాదా?"

రోజూ పొద్దున్నే ఈ తూకం జరగాల్సిందే. ఇందు పురిటికి పుట్టింటికి వచ్చింది. పాప నెలలు నిండకుండా పుట్టింది. అద్దాల పెట్టెలో ఉండి, ముక్కుకి గొట్టం పెట్టించుకుని, గండం గడిచి ఇంటికొచ్చింది. మూడు కేజీలు దాటితే ఇక భయం లేదనీ, అప్పుడు ఇందు నిశ్చింతగా రోలుగుంట వెళ్ళొచ్చనీ డాక్టరమ్మ చెప్పింది.

రోలుగుంటలో అత్తగారి దగ్గరున్న కూతురు చిన్నారి, అమ్మ ఎప్పుడొస్తుందని ఫోన్లో ఒకటే గొడవ. ఇందుకి అదీ బెంగే. కానీ పాప ఒళ్ళు చేస్తోందంటే ఎంత సంతోషమో, కాటా చూస్తే అంత గుబులు. ఇంకో నాలుగు రోజులు ఉండనిస్తే బాగుండునని ఆశ. అందుకే తూకం అయ్యాక గానీ పాలు పట్టదు.

మల్లేశ్వరరావు పళ్ళెంలో తువ్వాలు పరిచి పాపని పడుకోబెట్టాడు. పాప రెండు కాళ్ళూ ఝాడించింది. అంకెలు గంతులేశాయి.

"కదలకే తల్లీ. బెల్లం దిమ్మలే నయం, కుదురుగా ఉంటాయి."

అంకె ఆగింది. మూడు దాటి మరికాస్త.

ఇందు చప్పున వంగి అంకె చూసింది. "తువ్వాలు తరుగు తియ్యలేదు నాన్నా!"

బెల్లం తూచినప్పుడు గోనెసంచికి ఇంతని తగ్గించి లెక్క కట్టడం కొట్లో అలవాటే. మల్లేశ్వరరావు కూతురి మొహం చూశాడు.

"అవును సుమీ. తువ్వాలుకి ఓ పావు కేజీ తియ్యాలి."

"పావు కేజీ తువ్వాలేటండి బాబూ!" కాటా పట్టుకెళ్ళడానికొచ్చిన కొట్టు మనిషి పరదేశి పకపకా నవ్వాడు. "రైతుల కాడ ఇలాగే తీత్తే కొట్టు మీదకొచ్చేత్తారు."

"నోర్ముయ్యరా."

వంటింట్లోంచి సుచిత్ర వచ్చింది. ఇందు అన్న సాయి భార్య. "మావయ్యగారూ, నిన్న కూడా తువ్వాలు పేరు చెప్పే తగ్గించారు," అంది మెల్లగా. "ఉత్త తువ్వాలు ఓసారి తూయండి."

తూచారు. తువ్వాలు తువ్వాలంతే ఉంది. అది తీసేసినా పాప మూడు కేజీలు దాటింది.

"అయితే ఇవాళే పంపించేద్దామండీ," అనేసి, సుచిత్ర నాలిక్కరుచుకుంది. "అంటే... అక్కడ చిన్నారి బెంగెట్టుకుంది కదా ఇందూ."

ఆమె లోపలికి వెళ్ళగానే పరదేశి గొంతు తగ్గించాడు. "కోడలమ్మకి తొందరెక్కువండి. ఆడపడుచు నాలుగు రోజులుంటే ఈవిడికేటి పోద్ది?" మళ్ళీ పాప మొహంలోకి చూసి, "సెవులు సూడండి, అచ్చం సాయిబాబుయే! మేనమామ పోలికొత్తే అదురుష్టమండి," అన్నాడు.

మల్లేశ్వరరావుకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

నిజానికి ఇందుకి వదిన మీద కోపం లేదు. వైజాగ్‌లో సంతానం కోసం వైద్యం చేసే ఆసుపత్రికి తిరిగినన్నాళ్ళూ వదిన ఒక్కసారి కూడా తనని ఒంటరిగా పంపలేదు. సూదులు పొడిచిన చోట గడ్డ కడితే వేడినీళ్ళ కాపడం పెట్టింది. మొదటిసారి పిండం నిలవలేదని తెలిసిన రోజు ఇందు కన్నా వదినే ఎక్కువ ఏడ్చింది. పాప అద్దాల పెట్టెలో ఉన్నన్నాళ్ళూ ఆసుపత్రి వరండాలో కుర్చీ వదల్లేదు.

అంత మంచి మనిషి కదా, ఆ కాటా పాడైందని ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయింది అనుకుంది ఇందు.

మధ్యాహ్నానికి ప్రయాణం ఖాయమైంది. తల్లి వరహాలక్ష్మి చలిమిడి చేసింది. కొత్త చీర తీసింది. మార్కెట్ నుంచి తెప్పించిన మల్లెమొగ్గలు తడిగుడ్డలో మూటకట్టి ఇందు బ్యాగులో పెట్టింది.

"ఇన్ని మల్లెలేటే? దాని జడేటి బారెడుందా?" అన్నాడు మల్లేశ్వరరావు.

"ఆడవాళ్ళ సంగతులు మీకెందుకు? ఊరుకోండి," అని వరహాలక్ష్మి కూతురి చెవిలో ఏదో చెప్పింది. ఇందు తలూపింది.

మేడ మీద సుచిత్ర పాప గుడ్డలు ఉతికి తీగ మీద ఆరేస్తోంది. అరచేయంత జుబ్బాలు, వాటి పక్కన వేలెడంత మేజోళ్ళు. కూనిరాగం కింద దాకా వినిపిస్తోంది.

"ఇప్పుడారేత్తే ఎప్పటికారతాయి వదినా?" పెరట్లోంచి కేకేసింది ఇందు.

"సాయంత్రానికి ఆరిపోతాయిలే ఇందూ."

వీధిలో ఆటో ఆగింది. ఇందు భర్త రామ్‌గోపాల్ దిగాడు. అత్తమామల్ని పలకరించి బ్యాగు ఆటోలో పెట్టాడు. ఒకటే బ్యాగు.

వరహాలక్ష్మి కూతురికి బొట్టుపెట్టి ఒడి నింపింది. ఇందు పాపకి కడుపునిండా పాలు పట్టింది. ఇక తూకం గొడవ లేదు, తాగినంత తాగొచ్చు. తాగుతూ తాగుతూనే పాప నిద్రలోకి జారింది. పెదవి చివర ఒక పాలచుక్క నిలిచింది. ఇందు చెంగుతో తుడవబోయి, ఎందుకో ఆగిపోయింది.

సుచిత్ర మేడ దిగి, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి చాప మీద కూర్చుంది.

ఇందు వంగి, అన్నావదినల కోసం తను మోసి కన్న వాళ్ళ బిడ్డను వదిన ఒళ్ళో పెట్టి, పాలు ఇంకిపోవడానికి గుండెలకి కట్టుకోమని అమ్మ ఇచ్చిన మల్లెలున్న ఆటో వైపు గడప దాటింది.