మూలలు గీయని బొంత

"ఆ పళ్లెం ముట్టుకోకు. అది మీ నానమ్మది."

"గుండ్రం గీసుకోవడానికే కదమ్మా! బొంత గీసే ఆవిడేమైనా నమిలి మింగేస్తుందా?"

"రేకు మూత ఇవ్వు. పళ్లెం మాత్రం ఇవ్వను."

తల్లి హన్నా, కూతురు ఈడిత్ వాదించుకుంటూంటే, ఈడిత్ పెళ్లి బొంత మీద కుట్టాల్సిన పువ్వులూ అంచులూ గీయడానికి వచ్చిన ఇసబెల్ తన సంచీలోంచి టీ కప్పు తీసి గుడ్డ మీద బోర్లించింది.

"ఇది చాలమ్మా."

కప్పు చుట్టూ సుద్దతో ఒక గుండ్రం. దాని మీదికి సగం ఎక్కి ఇంకొకటి. చూస్తూండగానే గుడ్డ నడుమ ఒక పువ్వు విచ్చుకుంది.

ఇంగ్లండులోని డరమ్ బొగ్గు గనుల ఊళ్లలో మొగుడు పోయిన ఆడవాళ్లకు బొంతలే బతుకు. ఇసబెల్ ఈ వీధి చివర గది తీసుకుని నెల కాలేదు.

"ఇది మీకు నచ్చితే వీధిలో నలుగురూ పిలుస్తారు. లేకపోతే శనివారం గది ఖాళీ చెయ్యాల్సిందే," అంది.

పొయ్యి దగ్గర హన్నా మొగుడు జోసెఫ్ కూర్చుని ఉన్నాడు. నది అవతలి గనిలో రాళ్లు కూలి, బతికి ఇంటికొచ్చినప్పటి నుంచీ అతను అంతే. పెడితే తింటాడు. అక్కడేం జరిగిందో ఎవరికీ చెప్పలేదు.

ఇసబెల్ అతని వైపు చూసింది.

"ఊపిరి బాగా ఆడుతోందా ఆయనకి?"

"ఎవరికి తెలుసు, నోరు విప్పితే కదా! నీ పని చూడు. మూలలు వదిలేశావేం?"

"మూలలు చివర్న గీస్తానమ్మా. రెండు వైపుల అంచులూ వచ్చి అక్కడ కలవాలి."

"చేతకానివాళ్లందరూ చెప్పే మాటే. నా కూతురి గుడ్డ పాడుచేస్తావా? చాల్లే, వెళ్లు."

ఇసబెల్ చేతికంటిన సుద్ద దులుపుకుంది. కప్పు సంచీలో పెట్టుకుంది. తలుపు దగ్గర ఆగి, "ఒళ్లు జాగ్రత్త, బాబూ," అంది.

జోసెఫ్ నిప్పుల్లోకి చూస్తూనే ఉన్నాడు.

హన్నా చెప్పిన మాట వీధంతా తిరిగింది. ఇసబెల్‌ను ఇంకెవరూ పిలవలేదు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

"ఆ ఇసబెల్ నిన్న వెళ్లిపోయిందిట. ఏ ఊరో ఎవరికీ తెలీదుట," అంది ఈడిత్.

"పోతే పోనీ. రేపు ఇంకొకామె వచ్చి మూలలు గీస్తుంది."

జోసెఫ్ ఫోర్కు కింద పెట్టాడు.

"గీయదు."

తల్లీ కూతుళ్లు ఉలిక్కిపడ్డారు.

"ఆ గుడ్డ మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదు. రేపు బయల్దేరి ఆవిణ్ణి వెతుకుతాను."

"ఎక్కడని వెతుకుతావయ్యా? అసలు ఆవిడ మనకేమవుతుంది?"

"ఆవిడ నన్ను గుర్తుపట్టింది. నేనూ పట్టాను. నోరు పెగల్లేదు." గ్రేవీ చల్లారిపోతున్న పళ్లెంలోకి చూస్తూ జోసెఫ్ చెప్పాడు. "గనిలో నన్ను ముందుకు తోసేసి, తను రాళ్ల కింద ఉండిపోయింది ఆవిడ మొగుడే."