దారం రంగు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు విదోయే, అతని భార్య స్తోయా, పద్నాలుగేళ్ళ కూతురు స్మిల్యా, చేపల వేటకు ఆస్ట్రియా నుంచి వచ్చిన ఇద్దరు అతిథులు.

వాకిట్లో బెంచీ మీద కూర్చున్న గుడ్డి ముసలమ్మను ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

ఎండలకు రిబ్నిక్ నది తగ్గి అద్దంలా ఉంది. అలాంటప్పుడు ట్రౌట్ చేపలు నువ్వుగింజ కంటే పెద్ద ఈగను కన్నెత్తి చూడవు.

అంత చిన్న గాలానికి ఈకా దారమూ చుట్టి, ఈగలా కట్టగలిగేవాడు రాదే అనే అతనొక్కడే. అతన్ని ఎవరూ చూడలేదు. ఇంటికి ఎవరూ రాకూడదన్నది అతని షరతు. కొండ మీది ఊరి నుంచి పొట్లం మాత్రం వచ్చేది.

రెండు నెలలుగా అదీ రావడం లేదు. ఉత్తరాలకు జవాబు లేదు.

విదోయే దగ్గర ఒకే ఒక్క ఈగ మిగిలింది. అది పోతే అతిథులు పోతారు. అతిథులు పోతే ఆ ఇంటికి వేరే బతుకుతెరువు లేదు.

"పిల్లా, చెయ్యి ఇలా ఇవ్వు," అంది ముసలమ్మ.

స్మిల్యా ఇచ్చింది. ముసలమ్మ ఆ వేళ్ళ చివర్లు ఒక్కొక్కటే తడిమింది.

"సన్నగా ఉన్నాయి, పనికొస్తాయి. నావి మొద్దుబారిపోతున్నాయే తల్లీ."

సంచీలోంచి గాలం తీసి పెదవికి ఆనించి, కన్నం ఎటుందో చూసుకుంది. దారం చుట్టింది. మూడుసార్లు జారింది. నాలుగోసారి నిలిచింది. పళ్ళతో దారం తుంచి, ఈగను స్మిల్యా అరచేతిలో పెట్టింది.

దారం గులాబీ రంగు.

విదోయే అతిథులతో బయటికి వచ్చాడు. "ఏం కావాలి పెద్దమ్మా?"

"నీ కూతురికి ఈగలు కట్టడం నేర్పుదామని వచ్చా నాయనా."

విదోయే ఆ మాట అతిథులకు వాళ్ళ భాషలో చెప్పాడు. ముగ్గురూ పగలబడి నవ్వారు.

"కళ్ళున్నోళ్ళే కట్టలేక చస్తున్నారు! రాదే ఈగ తప్ప ఇంకోటి మా గడప తొక్కదు. ఆయనవి డేగ కళ్ళు. నీళ్ళని బట్టి దారం రంగు మారుస్తాడు. పదహారేళ్ళుగా ఈ పుస్తకంలో రాసుకుంటున్నా. మేలో ఎరుపు, జూన్‌లో పచ్చ, పోయినసారి ఊదా. ఎందుకో ఆ మహానుభావుడికే తెలియాలి!"

"రాదే అంత గొప్పవాడా?"

"దేవుడు!"

ముసలమ్మ కర్ర వెతుక్కుని లేచింది.

"కాఫీ తాగి వెళ్ళు," అంది స్తోయా.

"బస్సు పోతుందమ్మా."

ఆమె స్మిల్యా వైపు తల తిప్పి నిలబడింది, ఆ పిల్ల ఏదైనా అంటుందేమోనని.

స్మిల్యా నోరు తెరిచింది. అతిథులు తన వైపే చూస్తున్నారు. నోరు మూసుకుంది. ఈగ ఉన్న పిడికిలి కూడా.

సాయంత్రం ఓ పెద్ద చేప దారం తెంపుకుని పోయింది, ఆఖరి ఈగతో సహా.

అతిథులు సంచులు సర్దుకున్నారు.

"తెల్లారగానే నువ్వు వెళ్ళు," అని విదోయే కూతురి చేతిలో ఆ పుస్తకం పెట్టాడు. "చిన్నపిల్లవి, గెంటెయ్యడు. కాళ్ళు పట్టుకో. ఆయన విద్యను ఎంత భక్తిగా రాసుకున్నానో చూపించు."

కొండ మీది ఊళ్ళో తలుపు తీసినవాడి కళ్ళద్దాలు సీసా అడుగంత మందంగా ఉన్నాయి. ఇంట్లోంచి ఈకలు కాలిన వాసన వస్తోంది. పొయ్యి దగ్గర ఎవరో ఇటు వీపు పెట్టి కూర్చున్నారు. పక్కన కర్ర.

"రాదే మాస్టారు..."

"రాదేని నేనే. ఇక ఈగలు లేవు. రాత్రే ఈవిడ గాలాలూ ఈకలూ అన్నీ పొయ్యిలో పడేసింది."

స్మిల్యా ఆ కర్రను గుర్తుపట్టింది. "నేను నేర్చుకుంటాను అవ్వా!"

ఆ వీపు కదల్లేదు.

రాదే పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని ఒక పేజీ చదివాడు, తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"పుట్టుగుడ్డికి రంగులేంటి పిల్లా, ఈ పదహారేళ్ళూ చేతికి ఏ దారపు కండె తగిలితే దాంతోనే కట్టింది మా అత్త," అని తలుపు మూసేశాడు.