సుత్తి చప్పుడు

లిఫ్టు మూడో అంతస్తు దాకా ఎక్కి, ఒక కుదుపుతో ఆగి, అమాంతం కిందికి జారిపోయింది.

టైలరమ్మ కళ్ళు తెరిచేసరికి చిమ్మచీకటి. అట్టడుగుకి వచ్చి పడ్డట్టుంది. ఐదో అంతస్తువాళ్ళకి కుట్టిన కర్టెన్లు ఒంటి కింద పరుచుకోబట్టి నడుము దక్కింది. కుడికాలు మాత్రం మడమ దగ్గర పక్కకి తిరిగిపోయింది.

మిషను తొక్కే కాలు అది. మోటారు పెట్టించుకోమ్మా అని కూతురు పోరుపెడితే, "కాలుండగా మోటారెందుకే?" అన్న మనిషి.

పాకుతూ వెళ్ళి, కేకలు పెడుతూ తలుపు బాదింది. అది బిగుసుకుపోయి ఉంది.

"ఎవరదీ? టైలరమ్మా?"

ప్లీడరుగారి గొంతు. ఆ అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి ఆయనే. ఆమెకి ప్రాణం లేచివచ్చింది.

"నేనే అన్నయ్యా! కాలు విరిగింది. లిఫ్టు కుదుపుతోందని నెత్తీ నోరూ బాదుకున్నా, ఒక్కరైనా విన్నారా?"

"అవన్నీ ఇప్పుడెందుకు చెల్లెమ్మా. ముందు నువ్వు కదలకుండా ఉండు."

"ఈ కాలు పోతే నేనెలా బతకాలి?"

"సంఘం లేదూ? తప్పు మాదైతే నీ బాధ్యతా మాదే. చట్టమే చెబుతోంది. నిబ్బరంగా ఉండు."

చట్టం తెలిసిన మనిషి అవతల ఉన్నందుకు ఆమె లోలోపలే దండం పెట్టుకుంది.

"ఒక్కదానివే ఎక్కావా?" మెల్లగా అడిగాడు.

"ఒక్కదాన్నే."

"ఎవరూ చూడలేదా?"

"లేదు. వాచ్‌మన్ కూడా లేడు."

"ఎక్కేముందు అటూ ఇటూ చూశావా?"

"ఏం చూస్తాను అన్నయ్యా! కర్టెన్ల దొంతర కళ్ళకి అడ్డంగా ఉంది. బటన్ కూడా మోచేత్తోనే నొక్కా. రెండు విడతలుగా తీసుకెళ్ళమని మా అమ్మాయి చెబుతూనే ఉంటుంది. బద్ధకం."

"అలాగా," అన్నాడు. తర్వాత వాచ్‌మన్‌ని కేకేశాడు. "ఒరేయ్, మెట్ల కింద గదిలో ఉంటుంది, తీసుకురా. సుత్తి కూడా."

స్టూలు ఈడ్చిన చప్పుడు. ఆ వెంటనే సుత్తి దెబ్బలు. లిఫ్టు గోడలు అదిరాయి. ఒక్కో దెబ్బా కాల్లోకి దిగుతోంది. అయినా హాయిగానే ఉంది. తన కోసం కదా!

"ఎక్కడ సార్?"

"తలుపు పక్కనే. గట్టిగా దిగాలి."

"సార్, పాపం ఆవిడ..."

"ఆవిడ కోసమేగా ఇదంతా. కొట్టు."

"తొందరేం లేదు బాబూ, నెమ్మదిగా కానివ్వు," అంది టైలరమ్మ లోపలినుంచి. "చేతి మీద కొట్టుకునేవు!"

అవతల సుత్తి ఆగింది. మళ్ళీ మొదలయింది.

"వంకరగా వచ్చింది సార్."

"ఉండనీ, అదే నయం."

చప్పుళ్ళు ఆగిపోయాయి. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"ఇది మనవల్ల కాదు చెల్లెమ్మా, మెకానిక్కే రావాలి," అన్నాడు ప్లీడరు. ఫోన్లో ఎవరినో రమ్మంటున్నాడు. పాపం, ఎంత శ్రమ పడ్డాడో అనుకుంది. ఆ చీకట్లో కర్టెను అంచు తడుముకుంటూ, తన కుట్లు తానే వేలితో లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. కాలు మొద్దుబారిపోయింది.

చివరికి మెకానిక్ వచ్చి తలుపు తెరిచాడు. వెలుతురు కళ్ళలో పొడిచింది. స్ట్రెచరు మీదికి ఎత్తుతుంటే వాచ్‌మన్ ఆమె మొహంలోకి చూడలేదు.

"మీ మేలు మరిచిపోను అన్నయ్యా," అంది చేతులు జోడించి.

తల తిప్పిన ఆమెకి, లిఫ్టు తలుపు పక్కన గోడలోంచి ఇంకా సున్నం పొడి రాలుస్తున్న కొత్త మేకూ, దానికి వంకరగా వేలాడుతున్న పాత బోర్డూ కనిపించాయి: "లిఫ్టు చెడిపోయింది. ఎక్కరాదు."