చప్పట్ల కోసం అన్న మాట

ఆ రోజుల్లో ఏ సంస్థకైనా పెద్దగా ఉన్నాయన నలుగురిలో ఏమంటే, ఆ సంస్థ యంత్రాలన్నీ మరుక్షణం దాన్ని పాటించేవి. వెనక్కి తీసుకోవాలన్నా ఆయనే నలుగురిలో చెప్పాలి.

పాల సంఘం చైర్మన్ మాలకొండయ్య పొద్దున ఒక సన్మాన సభలో చప్పట్ల కోసం, "మా సంఘం పాలు మా ఇంట్లో పిల్లి కూడా ముట్టదు" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. అదే నిమిషంలో మూడొందల ఊళ్ళలో పాలు పోయించుకునే యంత్రాలు మూతలు బిగించుకున్నాయి.

ఒక ఊళ్ళో పాల కేంద్రం నడిపే అంకమ్మ ముందు నలభై మంది ఆడవాళ్ళు క్యాన్లతో నిలబడిపోయారు. ఎండెక్కుతోంది. ఇంకో గంట ఆగితే పాలు విరిగిపోతాయి. ఆమె కేంద్రంలోని తెర మీద చైర్మన్‌ను పిలిచింది.

"సరదాకన్నానమ్మా. ప్రకటన రాయిస్తున్నా, సాయంత్రానికి చదువుతాను."

"సాయంత్రం దాకా పాలు ఆగవు సార్. ఇక్కడా నలభై మందిమి ఉన్నాం. ఇదీ సభే. ఇప్పుడే చెప్పండి."

"నా పరువు పోదూ?"

"మా పాల పరువు పొద్దున్నే తీశారు గదా!"

అంకమ్మ ముందున్న క్యాన్‌లోంచి గ్లాసు నింపుకుని, ఆయన మొహంలోకే చూస్తూ గటగటా తాగేసింది. ఆడవాళ్ళంతా తెర దగ్గరికి జరిగారు.

మాలకొండయ్య తల దించుకున్నాడు. "నోరు జారాను. పాలు మంచివి. తప్పు నాది."

మూతలు లేచాయి. ఆయన మొహంలో మళ్ళీ నవ్వొచ్చింది. "అయినా మన ఆడవాళ్ళున్నారే..." అని మొదలుపెట్టాడో లేదో, అంకమ్మ తెర కట్టేసింది.

"పట్టుకురాండమ్మా క్యాన్లు!"