స్టాక్ ఖాళీ!

"ఫంక్షన్ అయిపోంగనే స్టాక్ మొత్తం ఖాళీ అయితది సార్!"

నౌరీన్ ఫోన్‌లో చెప్పింది ఆ ఒక్క ముక్కే. శామీర్‌పేట ఫంక్షన్ హాల్లో ప్లేట్లూ కుర్చీలూ పేర్చిన గది అది. తలుపు పల్చన, ఆమె గొంతు చిక్కన. బయట బిర్యానీ గంజు మోసుకెళ్తున్న వంటాయన బాలరాజు చెవిలోంచి 'అయిపోంగనే' జారిపోయింది. 'స్టాక్ ఖాళీ' మాత్రం అడుగంటినట్టు అతుక్కుపోయింది.

"ముర్తుజా భాయ్! స్టాక్ ఖతమట! మీ బిడ్డనే చెప్తాంది!"

ముర్తుజాది దేవరయాంజాల్‌లో టెంట్ హౌస్. ఎవరి ఫంక్షనైనా ప్లేట్లు తనే చూసుకోవాలి, లేకపోతే ముద్ద దిగదు. ఈ మాటకి ఆయనకి ముందు ఊపిరి షార్టేజీ వచ్చింది.

లోపల నౌరీన్ పరేషాన్ వేరు. కొంపల్లి కంపెనీ ఉద్యోగానికి ఆఖరి ఇంటర్వ్యూ ఈ మధ్యాహ్నమేనని పొద్దున మెసేజ్ వచ్చింది. కుదరదంటే ఉద్యోగం ఇంకొకరికి. కోడింగ్‌తో కుస్తీపట్టి, ఓడి, మళ్లీ పట్టి ఇక్కడిదాకా వచ్చింది. అందుకే అమ్మీ కళ్లుగప్పి, చెల్లెలు నజ్‌నీన్‌ని వెంటేసుకుని ఈ గదిలో దూరి గొళ్లెం పెట్టుకుంది. తను గోరింట చేతులు తిప్పుతూ మాట్లాడాలని ఫోన్ నజ్‌నీన్‌కే ఇచ్చింది.

"కెమెరా ఆన్ చేయండమ్మా," అన్నారు అవతల ఇంటర్వ్యూ చేస్తున్న రఘునందన్ గారు.

"సిగ్నల్ వీక్ సార్."

సిగ్నల్ దిట్టంగానే ఉంది. వీక్‌గా ఉన్నది ధైర్యం.

"సరే, మెమరీలో స్టాక్ గురించి చెప్పారు. మరి హీప్?"

నౌరీన్ చుట్టూ చూసింది.

"మా అబ్బాది టెంట్ హౌస్ సార్. గీ కుర్చీలు స్టాక్ లెక్క. ఆఖర్ల పెట్టింది ముందుగాల తీస్తం. ఫంక్షన్‌తోని వస్తయి, ఫంక్షన్‌తోని పోతయి. హీప్ అంటే దూలపల్లిల మా గోదాం. అండ్ల పెట్టింది ఫంక్షన్ అయిపోయినా ఉంటది. మనమే యాదికుంచుకొని తియ్యాలె. మర్సిపోతే గోదాం నిండుతది, కొత్త సామాన్‌కు జాగా ఉండది."

"భలే! మెమరీ లీక్ కూడా చెప్పేశారు. అయితే ఇప్పుడు..."

తలుపు దబదబలాడింది.

"నౌరీన్! ఏం తక్కువ పడ్డది బిడ్డా?" అబ్బా గొంతు.

"ఇంకో గంజు ఎక్కియ్యాల్నా?" బాలరాజు గొంతు.

"నీ తలుపుల మీద మన్నువడ! తియ్యే జల్దీ! పెద్దమనుషులు నిలబడ్డరు!" అమ్మీ జహేదా గొంతు.

"ఏంటమ్మా ఆ గోల? అసలు ఎక్కడున్నారు మీరు?" రఘునందన్ గారి గొంతు.

నౌరీన్ ఫోన్ వైపు చూసింది, తలుపు వైపు చూసింది. ఫోన్ కట్ చేస్తే ఉద్యోగం కట్. చేయకపోతే అబ్బా ఇజ్జత్ కట్.

"తియ్ నజ్జూ," అంది చివరికి.

గొళ్లెం ఊడింది. గుమ్మంలో అబ్బా, అమ్మీ, చేతిలో గరిటెతో బాలరాజు. వాళ్ల వెనక గడ్డాలు సవరించుకుంటూ ముగ్గురు పెద్దలు. ఆ వెనక సగం హాలు.

"అబ్బా, బిర్యానీ ఏడికి పోలే!" నౌరీన్ అందరికీ వినపడేలా చెప్పింది. "నేనన్నది కంప్యూటర్ల ఉండే స్టాక్. గీ ఫోన్ల నా నౌకరీ ఇంటర్వ్యూ నడుస్తాంది!"

సగం హాలు ఫోన్ వైపు మెడలు చాచింది.

"అంటే... గంజు ఎక్కియ్యొద్దా?" అన్నాడు బాలరాజు.

నౌరీన్ ఫోన్ వైపు వంగింది.

"సార్, కట్ చెయ్యకుండ్రి, ఖాజీ సాబ్ సాక్షుల్ని తోలుకొని వచ్చిండు, 'కుబూల్' అని చెప్పొస్త, పెండ్లిపిల్లను నేనే."